పిట్టకు ఇచ్చిన మాట

పిట్ట ముట్టలేదు.

శ్యాంను పూడ్చిన బొంద మీద మోదుగాకు విస్తరి పరిచి, అందులో అన్నం, కోడికూర, ఉడకబెట్టిన గుడ్లు, వాడికి ఇష్టమైన మిర్చి బజ్జీలు పెట్టారు. కల్లు ముట్టని మనిషి గనుక పక్కన కూల్‌డ్రింక్ సీసా మూత తీసి ఉంచారు. ఎండెక్కుతోంది. అన్నం మీద పొర కట్టింది. చుట్టాలంతా తుమ్మచెట్ల సన్నని నీడలో ఒకరి మీద ఒకరు పడుతూ నిలబడి ఆకాశం వైపు చూస్తున్నారు.

కాకులు లేవా అంటే, ఉన్నాయి. పొలం మీదుగా పోయే కరెంటు తీగ మీద బారుగా కూర్చుని, తీరుబడిగా ముక్కులు గీక్కుంటున్నాయి. పచ్చని పాతికేళ్ల మనిషిని తీగ చంపింది, ఈ దిక్కుమాలిన కాకులు మాత్రం అలాంటి తీగ మీదే ఊగుతూ తమాషా చూస్తున్నాయని శ్యాం అన్న నగేష్‌కు ఒళ్లు మండిపోయింది.

మూడో నాడు పిట్ట ముట్టకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందని లెక్క. అదేమిటో వాడు చెప్పలేడు గనుక, బతికున్నవాళ్లే ఒక్కొక్కరు ముందుకొచ్చి ఇదా, అదా అని మాట ఇస్తూ పోవాలి.

నగేష్ చెల్లెలు, శ్యాంకు అక్క అయిన రూప చేతులు జోడించింది. "తమ్మీ, అవ్వను మంచిగ చూస్కుంటం. రంది పెట్టుకోకు, వచ్చి ముట్టు." పిట్ట రాలేదు.

రూప మొగుడు సాంసన్‌ది పెద్దవంగర. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. ఇలాంటి చోట ఏమనాలో తెలియక కాసేపు నలిగి, చివరికి తెగించి అన్నాడు. "బామ్మర్దీ, నీ బండి అమ్మం. నేనే నడుపుకుంట." వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పిట్ట దానికీ రాలేదు.

"నువ్వు గూడ ఏమన్న అను వీరమ్మా," అంది అన్నిటికీ పెద్దగా నిలబడిన గట్టమ్మ. "తల్లి మాటకైతే దిగొస్తడు."

వీరమ్మ కుడిచేతిని చీరకొంగులో చుట్టుకుని, ఆ ముద్దను నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. కొడుకు పోయిన సాయంత్రం నుంచి ఆ చేయి అలాగే కొంగులో ఉంది. వాచిందంటుంది, చూపించదు. నోరు మాత్రం తెరవలేదు.

నగేష్‌కు ఇక ఓపిక అయిపోయింది. ముందురోజే పెద్దమనుషులు కూర్చుని పంచాయితీ తెంపేశారు. మక్కచేను చుట్టూ అడవిపందుల కోసం తీగ కట్టించి కరెంటు వదిలిన శ్రీపాల్ పటేలుది తప్పేం లేదట. శ్యామే తాగి తీగ మీద పడ్డాడట. చచ్చినవాడు తాగలేదని లేచి చెప్పలేడు గదా.

"ఇంకేం గావాల్నురా నీకు!" అని తమ్ముడి బొంద మీద అరిచాడు నగేష్. "నీ దినాలకు ఆ శ్రీపాల్ పటేల్ను పట్కొచ్చి నీ ముందట కూసోవెడ్త! వాని నోటితోనే చెప్పిస్త! సాలునా?"

ఆ మాట ఇంకా గాలిలో ఉండగానే ఒక కాకి తీగ మీంచి జారి, విస్తరి మీద వాలి, గుడ్డు ముక్కున కరుచుకుని పోయింది. దాని వెనకే మిగతావన్నీ దిగాయి.

"ముట్టింది! ముట్టింది!" అని ఆడవాళ్లు ఏడుపులో ఏడుపుగా సంతోషపడ్డారు. చుట్టాలు కాళ్లు కడుక్కోవడానికి బోరు వైపు కదిలారు. నగేష్ మాత్రం విస్తరి ముందే నిలబడ్డాడు. కోపంలో అన్న మాటను మనుషుల ముందైతే మింగేయవచ్చు. పిట్ట తిని పోయింది, దాన్ని వెనక్కి పిలవడం ఎలా?

ఇంటికి వచ్చాక వీరమ్మ మొదటిసారి నోరు విప్పింది. "మాటిచ్చినవ్ బిడ్డా. పట్కరా వాన్ని," అంది.

శ్రీపాల్ పటేలుకు చేను చిట్యాల దగ్గరున్నా ఇల్లు జనగామలో. నగేష్ ట్రాలీ ఆటో నడుపుతాడు. జనగామ మార్కెట్‌కు పత్తి మోయడం, తిరిగి వచ్చేటప్పుడు యూరియా సంచులు వేసుకు రావడం అతని పని. మనిషిని ఎత్తుకుపోవడం మాత్రం ఎన్నడూ చేసి ఎరగడు. అందుకని తనకు తోచిన సరంజామా తెచ్చుకున్నాడు. ఎడ్ల పగ్గం, గోనెసంచి, కళ్లలో కొట్టడానికి కారప్పొడి పొట్లం. పటేలు ఇంటి వీధి మలుపులో ఆటో ఆపుకుని కాచుకున్నాడు. చెమటకు లుంగీలో దోపుకున్న పొట్లం చినిగి, పటేలు కళ్లలో పడాల్సిన కారం నగేష్ తొడకు అంటుకుంది. కూర్చోలేడు, నిలబడలేడు. తమ్ముడి పగ తీర్చడానికి వచ్చిన మనిషి నడివీధిలో లుంగీ దులుపుకుంటూ గంతులేస్తుంటే, ముఖానికి తువ్వాల చుట్టుకున్న ఒక లావుపాటి మనిషి గేటు తీసుకుని బయటికొచ్చి చేయి ఊపాడు.

"ఏయ్ ఆటో! తొర్రూరు వస్తవా?"

ఆ గొంతు శ్రీపాల్ పటేలుదే. పటేలు తనంతట తానే వచ్చి, ముందు సీట్లో అతని పక్కన కూర్చుని, తలుపు వేసుకున్నాడు.

"నడువ్, నడువ్. మా చెల్లె ఇంటికి పోవాలె. కారుల పోతే అందరు చూస్తరు. ట్రాలీలో పోయేటోన్ని ఎవడు చూస్తడు?"

ఆటో పాలకుర్తి దారి పట్టింది. నగేష్‌కు తొడ మంట ఇంకా తగ్గలేదు.

"ఏమైంది పటేలా? గంత దాక్కొని పోవుడేంది?" అన్నాడు, ఏదో ఒకటి అనాలి గనుక.

"ఏం లేదు తియ్. చేన్ల ఓ కూలోడు సచ్చిండు. పందుల తీగ మీద పడ్డడు. పెద్దమనుషులు తెంపిండ్రు గని, దినాలయ్యేదాక ఎవల కండ్ల పడకుమన్నరు. ఉత్త పుణ్యానికి పరేషాన్."

"ఎట్ల పడ్డడు?"

"తాగి ఉన్నడు. ఇంకెట్ల పడ్తరు?" పటేలు కిటికీలోంచి ఉమ్మాడు. తర్వాత నగేష్ తల వైపు చూశాడు. "గుండు కొట్టించుకున్నవేంది? గుట్ట మీది దేవునికి మొక్కు ఉన్నదా?"

"లేదు పటేలా. తమ్ముడు పోయిండు."

"అయ్యో పాపం. ఎట్ల?"

"కరెంటు తీగ మీద పడి."

పటేలు తువ్వాల కొద్దిగా కిందికి లాగి నగేష్ ముఖాన్ని చూశాడు. బహుశా అదే మొదటిసారి చూడటం.

"నువ్వు వీరమ్మ కొడుకువా?"

"పెద్దకొడుకును. మీ చేన్లకు సంచులు తెచ్చేది నేనే పటేలా, నాలుగేండ్లాయె."

"ఔనా," అని పటేలు మెల్లగా తలుపు పిడి మీద చేయి వేశాడు.

"గా తలుపు లోపటి నుంచి రాదు పటేలా. ఖరాబైంది," అన్నాడు నగేష్.

పాలకుర్తి చౌరస్తాలో బస్సు అడ్డం వచ్చి ఆటో ఆగింది. పటేలు కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగి, "నన్ను ఎత్తుకపోతున్నడు! సంపుతడు! ఆపుండ్రి!" అని గొంతు చించుకున్నాడు. జారిన తువ్వాల, చెదిరిన జుట్టు, తడిసిన కళ్లు. హోటల్ ముందు చాయ్ తాగుతున్న ముసలాయన జాలిగా తల ఊపాడు.

"పొద్దుగాల్నే ఎంత తాగిండో. ఇంటికి తీస్కపో బిడ్డా, పైలం," అని నగేష్‌కు చెప్పాడు.

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఒకడైతే పటేలు తల తగలకుండా మెల్లగా లోపలికి నెట్టాడు. నగేష్‌కు నవ్వు రాలేదు. తాగాడంటే చాలు, లోకం ఇంకో ప్రశ్న అడగదు. బతికి గొంతు చించుకుంటున్న పటేలుకే దిక్కు లేకపోతే, పోయిన శ్యాంకు ఎవడు దిక్కు? బస్సు తప్పుకోగానే ఆటోను మెల్లగా ముందుకు పోనిచ్చాడు.

పెద్దవంగర అవతల చేలల్లో సాంసన్‌కు కోళ్ల ఫారం ఉంది. ఫారం చివర దాణా బస్తాలు పెట్టే గది. పటేలును ఆ గదిలోకి తెచ్చాక నగేష్ పగ్గం చుట్ట విప్పాడు.

"జర చేతులు ఎన్కకు పెట్టుండ్రి పటేలా."

"గట్టిగ కట్టకురా. షుగర్ ఉన్నది నాకు. పుండైతే మానదు."

"లేదు పటేలా, మెల్లగనే కడ్త."

ఎత్తుకొచ్చిన మనిషిని అరేయ్ ఒరేయ్ అనాలని దారి పొడవునా అనుకున్నాడు గాని, నాలుక తిరగలేదు. పుట్టినప్పటి నుంచి పటేలా, పటేలా అని అలవాటు పడ్డ నాలుక అది. తనమీద తనకే అసహ్యం వేసింది.

సాంసన్ తలుపు దగ్గర నిలబడి వణుకుతున్నాడు. "బావా, గిదేంది బావా? నేను బాప్తిస్మం తీస్కున్నోన్ని. గిది పాపం."

"దినాలదాంక ఉంచు. పిట్టకు మాటిచ్చిన."

"పిట్ట మాట పిట్టదే గని, పోలీసులు వస్తె?"

పోలీసుల భయం మర్నాటికే తీరిపోయింది. పటేలు ఫోన్ మోగితే నగేష్ ధైర్యం కూడగట్టుకుని ఎత్తాడు. అవతల పటేలు కొడుకు అజిత్.

"మీ నాయిన మా దగ్గర ఉన్నడు," అన్నాడు నగేష్, వీలైనంత బొంగురుగా.

"మంచిదన్నా. మేనత్తోళ్ల ఇంట్లనే ఉంచుండ్రి. ఎవలడిగినా ఏడ వోయిండో ఎర్క లేదని చెప్తున్నం. దినాలయ్యేదాక బయిటికి రానియ్యకుండ్రి. గోలీలు టైముకు ఏసుకొమ్మను. ఆఁ, కారు తాళం ఏడ పెట్టిండో జర అడుగు అన్నా."

నగేష్ ఫోన్ చేత్తో మూసి పటేలు వైపు తిరిగాడు. "కారు తాళం ఏడ పెట్టిండ్రట?"

పటేలు తెల్లబోయి చూశాడు. "బీర్వా మీద," అన్నాడు. కొడుకు థాంక్స్ చెప్పి పెట్టేశాడు. పటేలు దాణా బస్తాకు ఒరిగి కళ్లు మూసుకున్నాడు.

దాక్కోమని ఇంటివాళ్లే సాగనంపిన మనిషి గనుక, కనపడకపోతే వెతికేవాళ్లు లేరు. నగేష్ ఎంత ఆలోచించినా ఇంత చక్కగా కుదిరేది కాదు.

ఇక అక్కడి నుంచి ఎవరు ఎవరికి చిక్కారో తెలియని కాపురం మొదలైంది. రూప తమ్ముణ్ణి తలచుకుని ముక్కు చీదుకుంటూనే పటేలుకు జొన్నరొట్టె కాల్చి పెట్టేది. గుమ్మంలోకి వచ్చిన మనిషికి పెట్టకుండా తను తినడం ఆమెకు చేతకాదు. ఊళ్లో మందుల దుకాణానికి పోయి షుగర్ గోలీలు తెచ్చింది. పటేలు కూరలో కారం ఎక్కువైందనేవాడు. "మా తమ్ముని సంపినోనికి పాలు పోసి వండాల్నా?" అని విసిరికొట్టేది గాని, మర్నాడు కారం తగ్గించేది. సాంసన్ రోజూ పటేలు తల మీద చేయి పెట్టి, ఇతని మనసు మార్చు ప్రభువా అని ప్రార్థన చేసేవాడు. కట్లతో ఉన్న పటేలు కదలలేక ఆమెన్ అనేవాడు.

మధ్యాహ్నాలు నగేష్ ఎదురుగా గొంతుక్కూర్చుని పాఠం చెప్పేవాడు.

"దినాలల్ల అందరి ముందట నిలవడి అనాలె. నేనే సంపిన, శ్యాం తాగలే అని. ఏదీ, ఒకపారి అనుండ్రి."

"అనను."

"గంత మాటకు ఏం పోతది పటేలా మీకు?"

"జైలుకు పోత. నీకెర్క లేదా?"

గోడ అవతల ఫారం నిండా కోడిపిల్లల కిచకిచ. ఊక, రెట్ట కలిసిన ఘాటు కళ్లకు ఎక్కేది. చచ్చిన పిల్లల్ని సాంసన్ పొద్దున్నే ఏరి బకెట్లో వేసి ఈ గది ముందు నుంచే తీసుకుపోయేవాడు. పటేలు ఆ బకెట్ వైపు చూసి ముఖం తిప్పుకునేవాడు. రోజులు గడిచేకొద్దీ నగేష్ కూడా ఆ బకెట్ వైపు చూడటం మానేశాడు.

తల్లి ఇంటి దగ్గర నుంచి ఫోన్ చేసేది. "వాడేమన్న అన్నడా?"

"ఇంకా అంటలేడవ్వా."

"అనిపియ్ బిడ్డా. నీకు దండం పెడ్త. అనిపియ్." అన్నం తింటున్నావా అని అడిగితే ఫోన్ పెట్టేసేది. ఆమె గంజి తప్ప ఏమీ ముట్టడం లేదని గట్టమ్మ చెప్పింది.

దినాలు దగ్గర పడ్డాయి. ఆ సాయంత్రం కూడా పటేలు అదే మాట అన్నాడు. "వాడు తాగి పడ్డడు. సచ్చినంక గూడ నన్ను సంపుతున్నడు." ఆ మాటకు నగేష్ లోపల ఏదో పుటుక్కుమంది. మాట్లాడకుండా లేచాడు. గోడకు వేలాడుతున్న వైరు చుట్ట దించాడు. పళ్లతో కొసలు ఒలిచాడు. ఒక కొసను బోర్డులో గుచ్చి, రెండో కొస పట్టుకుని పటేలు ముందు గొంతుక్కూర్చున్నాడు. బోర్డు మీద స్విచ్ ఇంకా వేయలేదు.

"మా వాడు ఎట్ల పోయిండో చూస్తవా?" అన్నాడు. పటేలా అనే మాట మొదటిసారి నోట్లోంచి రాలేదు.

వాకిట్లోంచి చూసిన సాంసన్ బకెట్ పారేసి పరుగెత్తుకొచ్చి అతని నడుం పట్టుకున్నాడు.

"వద్దు బావా! నీ కాళ్లు మొక్కుత! ఫ్యూజు కొట్టేస్తది! ఫ్యాన్లు బంద్ అయితే ఉడుకకు కోడిపిల్లలన్ని సస్తయ్ బావా! ఈ బ్యాచ్ కోళ్లు అమ్ముడువోయినంక సంపుకో, నేనే వైరు పట్టిస్త!"

రూప కూడా వచ్చి గోడకు ఒరిగి ఏడవడం మొదలుపెట్టింది. నగేష్ మోచేత్తో సాంసన్‌ను తోసేసి స్విచ్ మీద చేయి వేశాడు. వైరు కొసను మాత్రం దించలేదు.

పటేలు ముఖం పాలిపోయింది. "ఆగు! ఆగురా! స్విచ్ నేనెయ్యలే! ఆ పొద్దు నేను జనగామల ఉన్న!"

"నువ్వు కాకపోతే నీ జీతగాడు."

"మీ అవ్వ."

నగేష్‌కు వినపడలేదనుకున్నాడేమో, పటేలు ఇంకా గట్టిగా అన్నాడు. "మీ అవ్వరా! వీరమ్మ! కూలోళ్లందరు పోయినంక మోటరు కాడి డబ్బాల స్విచ్ ఏసి పోయేది ఆమెనే. ఏడాది పొడుగూత ఆమెదే ఆ పని. పోయి అడుగు! శ్యాంను సంపింది మీ అవ్వ చెయ్యి!"

ఫారంలో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. రూప ఏడుపు ఆగిపోయింది. సాంసన్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

అబద్ధమని అరవబోయి నగేష్ ఆగిపోయాడు. చీరకొంగులో చుట్టుకున్న చేయి కళ్ల ముందు మెదిలింది. ఆ చేత్తో ఆమె ముద్ద కలపడం లేదు. నీళ్ల చెంబు ఎడమచేత్తో ఎత్తుతోంది. ఆ చేయి వాయలేదు. వైరు కొస జారి ఊకలో పడింది. సాంసన్ వంగి బోర్డు నుంచి వైరు పీకేశాడు.

పటేలు మనుషులను చదవడంలో ఆరితేరినవాడు. వైరు కొస జారిపోవడం చూడగానే గొంతు మార్చాడు. "నేను ఠాణాల చెప్పలే బిడ్డా. పెద్దమనుషులకు గూడ చెప్పలే. తాగిండన్న గని, తల్లి సంపిందని అన్ననా? చెప్తే ఆమెను జైలుకు పట్కపోతరు. ఊరు ముఖాన ఉమ్మేస్తది. ఎందుకు, పోనీ అని నా కడుపుల దాసుకున్న."

నగేష్ ముందుకు జరిగి పటేలు కట్లు విప్పాడు. ముడి బిగుసుకుపోయి రాకపోతే పళ్లతో లాగాడు. విప్పాక అక్కడే ఊకలో బోర్లా పడి ఆ మనిషి రెండు కాళ్లు పట్టుకున్నాడు.

"ఎవ్వలకు చెప్పకు పటేలా. మా అవ్వ సస్తది. నీ కాళ్లు మొక్కుత."

"నేనెందుకు చెప్తరా. లే, లే." పటేలు మణికట్లు రుద్దుకుంటూ అతని గుండు మీద చేయి వేశాడు. "ఏదో పిట్టకు మాటిచ్చినన్నవ్ గద, దినాలకు నేనే వస్త. నీ మాట పోనియ్య."

తన ప్రార్థన ఫలించిందని సాంసన్ కళ్లు తుడుచుకున్నాడు. పటేలు ఆటో ఎక్కుతుంటే వాకిట్లో తిరిగే బలిసిన నాటుకోడి ఒకదాన్ని పట్టి తెచ్చి, కాళ్లు కట్టి ఒళ్లో పెట్టాడు. ఈసారి నగేష్ దిగి వచ్చి, బయటి నుంచి తలుపు తీసి, పటేలు కూర్చున్నాక మెల్లగా వేశాడు.

దినాల పొద్దు ఇంటి ముందు టెంటు వేశారు. నల్లకళ్లద్దాలు పెట్టుకున్న శ్యాం ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. పటేలు కారులో వచ్చాడు. అజిత్ నడిపాడు. పటేలు పెద్ద పూలదండ శ్యాం ఫొటోకు వేసి, చేతులు జోడించి, ఫొటో ఎదురుగా పరిచిన జంఖానా మీద అందరిలాగే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది.

"ఏం మనిషి! కూలోని దినాలకు వచ్చి కింద కూసున్నడు!" అన్నాడొక పెద్దమనిషి. "నగేషూ, పిట్టకిచ్చిన మాట నిలవెట్టుకున్నవ్ రా," అంది గట్టమ్మ, కళ్లొత్తుకుంటూ. నగేష్ తల ఊపాడు. ఎవరి ముఖమూ చూడకుండా విస్తర్లు వేసుకుంటూ పోయాడు. పటేలు విస్తరి దగ్గరికి వచ్చినప్పుడు వంగి, నీళ్లు చల్లి, ఆకు తుడిచి వేశాడు.

వడ్డన సగంలో ఉండగా లోపలి నుంచి తల్లి పిలిచింది. వీరమ్మ చీకటిగా ఉన్న లోపలింట్లో గోడకు ఆనుకుని ఉంది. బయట నవ్వులు, గంటెల చప్పుడు వినిపిస్తున్నాయి.

"వచ్చిండు గదా. ఏమన్న చెప్పిండా అందరికి?"

"ఏం చెప్పలేదవ్వా." తల్లి గుండె కుదుటపడాలని మళ్లీ అన్నాడు. "ఎవ్వలకు ఏం చెప్పడు. నువ్వు రంది పెట్టుకోకు. జర బువ్వ తిను."

ఆమె ముఖంలో అతను ఎదురుచూసిన నెమ్మది రాలేదు. ఉన్న కాస్త బలం కూడా జారిపోయినట్టు నేల మీదికి కుంగింది.

"చెప్తడనుకున్న బిడ్డా. నా నోట్లెకెల్లి వస్తలేదు. ఎన్నిసార్లు తెరిచినా వస్తలేదు. నేను గాక వానికొక్కనికే ఎర్క. అందుకే పట్కరమ్మన్న. అందరి ముందట వాడన్న చెప్తే నా పాణం తేలికైతదనుకున్న."

నగేష్ ఆమె పక్కన కూలబడ్డాడు. కొంగులో చుట్టిన ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "నాకు చెప్పిండవ్వా. స్విచ్ సంగతి. పెద్దవంగరల్నే చెప్పిండు."

వీరమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. "మొత్తం చెప్పిండా? ఫోన్ల నేను అడిగింది గూడ చెప్పిండా?"

"ఏ ఫోను?"

"పొద్దు ఇంకా ఉండంగనే ఫోన్ చేసిండు. పందులు పెందలాడే వస్తున్నయట, స్విచ్ ఏసి పో అన్నడు. మా శ్యాంగాడు గెట్టు మీద గడ్డి కోస్తున్నడు పటేలా, ఇంకా పోలేదేమో అన్న. వాడు ఎప్పుడో పోయిండు, నాకెర్కే, ఎయ్యి అన్నడు." ఆమె ఆ చేతిని అతని చేతుల్లోంచి లాక్కుంది. "జనగామల కూసున్నోనికి నా కొడుకు గెట్టు మీద ఉన్నది లేనిది ఎట్ల ఎర్కైతదిరా? గా తెలివి నాకు ఎందుకు రాలే? ఓ కేకన్న ఎయ్యలే. పటేలు చెప్పిండు గదా అని ఏసిన."

నగేష్‌కు ఊకలో బోర్లా పడి పట్టుకున్న ఆ కాళ్లు గుర్తొచ్చాయి. తన గుండు మీద పడ్డ చేయి గుర్తొచ్చింది. బయటికి పోయి అందరి ముందూ అరవవచ్చు. అరిస్తే ఫోన్ సంగతి ఎవరు నమ్ముతారు? పటేలు ఒక్క మాట అంటాడు, స్విచ్ వేసిందెవరని. అప్పుడు ఊరంతా ఈ చేతి వైపే చూస్తుంది. ఆ మాట అనొద్దని కాళ్లు పట్టుకుని బతిమాలింది తానే.

"నగేషూ!" బయటి నుంచి పెద్దమనిషి కేక. "పటేలు తినుడైంది. చేతులకు నీళ్లు పట్కరా!"

తల్లి అతని ముఖం వైపు చూసింది. అతను లేచి, గోలెంలో చెంబు ముంచుకుని బయటికి నడిచాడు.

పటేలు టెంటు అంచున నిలబడి ఎంగిలి చేయి చాపి ఉన్నాడు. దగ్గరికి రాగానే గొంతు తగ్గించి అడిగాడు. "మీ అవ్వ ఎట్లున్నది? కొన్నొద్దులు ఇంటి పట్టున ఉండుమను. తర్వాత చేన్లకు రమ్మను, మక్కకంకులు ఏరుడు పని ఉన్నది."

వెనక నుంచి ఎవరో కూర బాగుందని మెచ్చుకుంటున్నారు. పటేలు వేళ్లు విడదీసి, నీళ్ల కోసం చేయి ఇంకొంచెం ముందుకు చాపాడు. నగేష్ చెంబు వంచాడు.